క్రేను మోసే గోడ

పొయ్యి అలుకుతున్న ఆండాలు చెయ్యి ఆగింది. గోడకు అవతల, గోదాములోంచి భర్త రామ్‌చందర్ గొంతు వినిపించింది.

"క్రేను ఈడ్నే బిగిద్దం భాయ్. గోడ నడిమిట్ల. బండ్లు వచ్చే దర్వాజకు సీదా ఉంటది."

పేడనీళ్ళు అరచేతి నుంచి మోచేతి దాకా కారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. యాకుత్‌పురా స్టేషను పక్కనున్న ఆ పత్తి గోదాముకూ ఆమె వంటింటికీ మధ్య ఒకటే గోడ. దాని నడిమధ్యన ఏముందో ఆ ఇంట్లో బతికున్నవాళ్ళలో ఆమె ఒక్కదానికే తెలుసు.

అక్కడ ఒకప్పుడు తలుపు ఉండేది. పదకొండేళ్ళ కింద మామగారు ఈ ఇల్లు, గోదాము కలిపి కొన్నారు. రామ్‌చందర్ అప్పుడు గుల్బర్గాలో మేనమామ దగ్గర వ్యాపారం నేర్చుకుంటున్నాడు. అక్కడి నుంచి నేరుగా పెళ్ళిపందిట్లోకే వచ్చాడు. అతను వచ్చేలోగా అత్తగారు సుగుణమ్మ ఆ తలుపు పీకించి, కంతను పగిలిన ఇటుక ముక్కలతో, మట్టితో పూడ్పించి, రెండు వైపులా సున్నం కొట్టించింది. పోయేదాకా ఈ వంటింట్లోనే, అన్నం వడ్డించుకుంటూ అనేది: "హమాలోళ్ళ కండ్ల వడొద్దని నీ కోసరమే మూపిచ్చిన. రాణి లెక్క ఉండు." వంటింటి గోడను ఎన్నడూ పరికించి చూడని మగవాళ్ళకు మాత్రం అది గోడే. తెల్లటి, నిండు గోడ.

వారం కింద సికింద్రాబాదు ఏజెంటు ఇచ్చిన బొమ్మల పుస్తకాన్ని రామ్‌చందర్ పీట పక్కన పెట్టి భోజనానికి కూర్చున్నాడు. అందులో రెండు రకాల క్రేన్లున్నాయి. ఒకటి భూమిలో పాతిన తన ఇనుప స్తంభం మీద తానే నిలబడి చుట్టూ తిరిగేది. రెండోది గోడకు బిగించేది. అది సగమే తిరుగుతుంది. ఆండాలు ఆ బొమ్మలను చాలాసేపు చూసి, "ఈ స్తంభంది మంచిగున్నది" అంది.

"చీర ఏరుతున్నవా?" అతను నవ్వాడు. "దానికి మనిషిలోతు గుంత తవ్వాలె. ఈ జర్మనోళ్ళ లడాయి దినాలల్ల సిమెంటు ఏడ దొరుకుతది? గోడ పుణ్యానికి ఉన్నది."

"ఆ గోడ..."

"గోడ సంగతి నీకెందుకే? పప్పుల ఉప్పు చూసుకో."

పప్పులో ఆ రోజు నిజంగానే ఉప్పు లేదు. అందుకే ఆమె నోరు మూతపడింది. ఉప్పు మరిచినదానికి గోడ గురించి మాట్లాడే హక్కు పోయిందని ఆ క్షణాన తానే నమ్మింది. అనలేకపోయిన ఆ మాటే వారం రోజులుగా మనసులో ముల్లులా ఉంది. పోయిన వానాకాలం ఉల్లిగడ్డల మూట వేలాడదీయడానికి అదే చోట మూరెడు మేకు కొట్టింది. మూట గోడకు ఆని ఉన్నన్నాళ్ళు మేకు నిలిచింది. ఒకరోజు మూట మేకు కొసకు జారింది. మేకు తల వాల్చి, పిడికెడు మట్టితో సహా ఊడి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా పూడ్చి అలికేసింది. ఈ క్రేను చెయ్యి రెండు నిలువుల పొడవు. దాని కొసన నలుగురు మోయలేని పత్తి బేలు. గోడ కూలుతుందని ఆమె భయం. కానీ తాను చెప్పాక కూలకపోతే? అందరూ నవ్వితే? ఈ రెండో భయమే పెద్దదని తెలిసి సిగ్గుపడింది. అంతకంటే లోతున, ఎవరికీ చెప్పుకోలేని చోట, 'కూలనీ, అప్పుడు తెలుస్తుంది' అన్న మాట ఒకటి కదిలింది. ఆ మాటను ఆమె వెంటనే తోసేసింది.

అవతల గోడకు రంధ్రాలు వేస్తున్నారు. ఇవతల అలికిన నేల మీద మట్టి సన్నగా రాలుతోంది.

"సేట్, మస్తు అల్కగ దిగుతున్నది" అన్నాడు ఏజెంటు.

"మా గోడంటే ఏమనుకున్నవ్ భాయ్? వెన్న లెక్క!" రామ్‌చందర్ పొంగిపోయాడు.

బోల్టులు బిగిసిన చప్పుడు. గొలుసు గలగల. తర్వాత హమాలీల పెద్ద మొగులయ్య గొంతు: "బేలు లేపుండ్రి. నేను కింద నిలవడి పట్టుకుంట."

ఆండాలు లేచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని వీధి గుమ్మం దాటి, గల్లీ చుట్టూ తిరిగి గోదాము దర్వాజలో నిలబడింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. గొలుసు ఆగిపోయింది.

"ఏందే? ఈడికెందుకచ్చినవ్? ఇంట్లకు పో!"

ఆమె నేరుగా నడిచి వెళ్ళి బేలు పక్కన, క్రేను చెయ్యి కింద నిలబడింది.

"మొగులన్నా, జరుగు."

అతను జరిగాడు. ఆమె గోడ దగ్గరికి పోయి, బోల్టు పక్కన గోటితో సున్నం గీకింది. పెళ్ళ ఊడింది. వెనక నుంచి పొడి మట్టి ధారగా కారుతూనే ఉంది. ఏజెంటు బోల్టును రెండు వేళ్ళతో కదిపి చూసి వెనక్కి జరిగాడు.

"సేట్, నేను దీని కిందనే ఉంటుంటి" అన్నాడు మొగులయ్య మెల్లగా.

"ఇది... ఇదేంది?" రామ్‌చందర్ కారుతున్న మట్టిని దోసిట్లో పట్టి చూశాడు.

"ఈడ తలుపుండె" అంది ఆండాలు. "నేను ఎవ్వరి కండ్ల వడొద్దని మూసిండ్రు."

భయం ఇంకా పోలేదు. ఈ రాత్రి ఇంట్లో ఏమేం వినాలో ఆమెకు తెలుసు. అయినా పేడ ఆరిన అరచెయ్యిని గోడ మీది నుంచి తీయలేదు.

"స్తంభందే తెప్పియ్యుండ్రి. ఈ తలుపు నాకు కావాలె."