సరోజినిగారు

పాత పెయింటు డబ్బాతో పడవలో ఊరిన నీళ్ళు తోడిపోస్తూనే సరోజిని ఏటి మీద ఓ కన్నేసి ఉంచింది. పోటు ఇంకా ఎక్కుతోంది. నీరు వెనక్కి తీసే వేళకి లంక మలుపులో ఉండాలి. పండుగప్ప మేతకి వచ్చేది అప్పుడే. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మొగుడి పాత చొక్కా పైన తొడుక్కుని తెడ్డు అందుకుంది. నలభై దాటిన మనిషి. ఎండకి కమిలిన మొహం, అరచేతుల నిండా కాయలు.

తొంభై ఆరు తుఫానులో కొబ్బరిచెట్టు మీద పడి మొగుడు మోషే పోయాక, ఆడది పడవ నడపడమేమిటని బోడసకుర్రు రేవంతా బుగ్గలు నొక్కుకుంది. ఆమె ఖాతరు చెయ్యలేదు. వైనతేయ మీద షికారుకొచ్చే పట్నంవాళ్ళనీ, గాలాల సరదా ఉన్నవాళ్ళనీ తిప్పుతూనే కూతురు శారోన్ చేత నర్సు చదువు చదివించింది. ఇన్నేళ్ళయినా రేవులో ఆమె ఉత్త 'పడవ సరోజిని'. కాస్త పొలమున్నవాళ్ళకయితే 'ఒసే సరోజినీ'. మొదటి రోజు నుంచీ 'సరోజినిగారూ' అన్నది ఒక్క రేంజరుగారే.

కొండలరావుగారిది రాజమండ్రి. అడవిశాఖలో రేంజరు చేసి రిటైరయ్యారు. భార్య పోయింది. ఏటా చలికాలం అమలాపురం లాడ్జిలో దిగి, ఉన్నన్నాళ్ళూ ఈమె పడవలోనే గడుపుతారు. ఆయనది వింత వేట. ఎర లేదు, పాడు లేదు. కొక్కేనికి కోడి ఈక చుట్టి, బారెడు దారాన్ని గాల్లో ఆడించి ఆడించి నీటి మీద వాలుస్తారు. పురుగనుకుని చేప ఎగరాలి. తీరా చిక్కిన చేపని మళ్ళీ ఏట్లోకే వదిలేస్తారు. కూరొండని చేపకి ఇంత ముస్తాబా అని రేవులో ఒకటే నవ్వు. మొదట్లో సరోజినీ నవ్వింది. తర్వాత్తర్వాత పందెంకోళ్ళ బుల్లిరాజు దొడ్లో రాలిన డేగపుంజు ఈకలు ఏడాది పొడుగునా ఏరి దాచడం మొదలుపెట్టింది. ఎందుకే అని ఎవరైనా అడిగితే బేరం కోసం అనేది. అబద్ధం.

ఆ 'గారు' మొదట్లో ఎంత గొప్పగా ఉండేదో! రెండోసారి పిలిపించుకోడానికి వినపడనట్టు నటించేది కూడా. ఈమధ్య మాత్రం అదే ఆయనకీ తనకీ మధ్య దడి కట్టినట్టుంటోంది. ఒక్కసారి ఊరికే పేరు పెట్టి పిలిస్తే బాగుణ్ణని ఆశ. ఈ వయసులో ఇదేం బుద్ధని తనని తానే తిట్టుకునేది.

ఆ పూట పడవ లంక మలుపు చేరేసరికి ముందుబల్ల మీద కూర్చున్న రేంజరుగారు కొక్కెంలోకి దారం ఎక్కించలేక వేలికి గుచ్చుకున్నారు.

"ఇటివ్వండి," అని ఆమె తీసుకుని ముడివేసింది.

"కళ్ళు ఆనట్లేదండి సరోజినిగారూ. ఆపరేషనన్నారు. అమ్మాయి నాగపూరు వచ్చెయ్యమని గొడవ. ఇల్లు కూడా అమ్మేసేనండి. మధ్యాహ్నం బస్సుకి పోవాలి. ఇంక రావడం పడదేమో."

"ఆయ్," అంది సరోజిని.

అనాల్సింది బోలెడుంది. మా పక్క వాటా ఖాళీయేనండి, ఉండిపొండి అనాలి. కళ్ళు అమలాపురంలో చూపించుకోకూడదా అనాలి. ఆయన కులం, తన చర్చి, కూతురి అత్తారు, రేవులో నవ్వే నోళ్ళు అన్నీ కట్టగట్టుకుని అడ్డం పడ్డాయి. ఏదేమైనా బస్సెక్కేలోగా చెప్పెయ్యాలనుకుంది.

"అదిగోండి, ఒడ్డునున్న ఆ మడచెట్ల పొద కిందకి వెయ్యండి."

ఈక వాలింది. నీళ్ళు భళ్ళుమన్నాయి. గాలం కర్ర విల్లయి వంగింది. చాలాసేపు పెనుగులాడి మోచేతి పొడుగు పండుగప్ప పడవ పక్కకి వచ్చింది. కొక్కెం తీసి, అలిసిన చేపని నీళ్ళలోనే రెండు చేతులా పట్టుకుని సరోజిని వాలుకి ఎదురుగా నిలబెట్టింది. ఆయన కూడా వంగి చెయ్యి ఆనించారు. కాసేపటికి చేప తోక ఝాడించి వెళ్ళిపోయింది. ఇద్దరి చేతులూ మాత్రం చల్లటి నీళ్ళలో పక్కపక్కనే ఉండిపోయాయి. ముందు ఎవరు తీశారో ఇద్దరికీ తెలీదు.

తిరుగుదారిలో తెడ్డు మెల్లగా వేసింది. ఎంత మెల్లగా వేసినా రేవు రానే వచ్చేస్తోంది.

"నాగపూరులో ఏరుందాండీ?"

"చెరువుందటండి."

"చలెక్కువేమో. మఫ్లరేసుకోండి."

ఇదా నువ్వు చెప్పాల్సిందని లోపల్లోపల పళ్ళు కొరుక్కుంది.

ఆయన ముందుబల్ల మీద కూర్చుని, పడవలో వేసుకునే రబ్బరు చెప్పులు విడిచి బూట్లు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని ఒడ్డెక్కారు. వెనకాలే తనూ రోడ్డు దాకా నడిచింది. బస్సు రానే వచ్చింది. కండక్టరు రండి రండంటున్నాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆయన వెనక్కి తిరిగారు.

"సరోజినీ!"

అంతే. పక్కన గారు లేదు. నోరు జారే మనిషి కాదాయన. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది, ఇన్నేళ్ళూ ఆయనా ఆ మాటని మోస్తూనే ఉన్నారని.

"ఒడ్డు జారుడుగా ఉంది. చూసి దిగు."

"ఆయ్," అంది. ఉండిపొండి అన్నమాట పెదాల దాకా వచ్చింది. తలుపు పడింది. బస్సు దుమ్ము రేపుకుంటూ అమలాపురం వైపు పోయింది. ఆమె ఆ దుమ్ములోనే నిలబడి బావురుమంది. ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు.

చూసుకునే దిగింది. పడవ కట్టెయ్యబోతే ముందుబల్ల దగ్గర ఆయన మర్చిపోయిన రబ్బరు చెప్పులు కనపడ్డాయి, రెండూ ఏటి వైపు కాకుండా వెనక తెడ్డు వేసే ఆమె చోటు వైపు తిరిగి.