గెలిమర్ విందు

ముత్యం తమ్ముడు తిరుమల్ తెల్లవారుజామున గుండె ఆగి చనిపోయాడు. ఊరి నుంచి ఫోన్ వచ్చేసరికి ముత్యం గల్ఫ్‌లో, అల్ ఖోర్ కూలీల క్యాంపులో స్నానానికి వరుసలో నిలబడి ఉన్నాడు. మరదలు, తిరుమల్ భార్య సుమలత ఏడుపులోనే ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది.

"కొరివి నువ్వే పెట్టాలె బావా. రేపు మధ్యాన్నం దాంక ఫ్రీజర్ల ఉంచుతం. ఎట్లనన్న రా."

తిరుమల్‌కు కొడుకులు లేరు. ఉన్నది నడక నేర్చిన కూతురొక్కతే. తల్లిదండ్రులు పోయాక అతన్ని చంకనెత్తుకుని పెంచింది ముత్యమే. శవం లేచేదాకా ఇంటివాళ్ళెవరూ మెతుకు ముట్టకూడదన్నది వాళ్ళ ఇంట్లో తాతల నాటి కట్టు. ముత్యం చేతిలో ఉన్న చాయ్ గ్లాసు అలాగే గోడ మీద పెట్టేసి సూపర్‌వైజర్ గజేందర్ దగ్గరికి పరిగెత్తాడు.

గజేందర్‌ది పక్క ఊరే. మన మనిషే కదా అనుకున్నాడు ముత్యం. పాపం, అలా అనుకోవడం అతనికి అలవాటు.

"ఇయ్యాల రాత్రికి ఫ్లైటున్నది, టికెట్ నేను తీపిస్త," అన్నాడు గజేందర్. "గని ఈ ఒక్క పొద్దు షూటింగ్‌కు రావాలె ముత్యం. నిన్నటి షాట్ల నీ మొకం పడ్డది. నువ్వు లేకుంటే ఆల్లకు కుదరదట. పొద్దుగూకంగనే నిన్ను పంపే పూచీ నాది."

క్యాంపులో సైటు పనులు ఆగిపోయి మనుషులు ఖాళీగా ఉన్నారు. ఖాళీ మనిషిని చూస్తే కంపెనీకి కడుపులో దేవినట్టుంటుంది. అందుకే విదేశీ టీవీ వాళ్ళు చరిత్ర సినిమా తీస్తామని వస్తే కూలీలను గుంపుగా అప్పగించింది. ముందు సముద్రపు ఒడ్డున ఇనుప పైపులు, ప్లైవుడ్ చెక్కలతో కార్తేజ్ నగరపు గోడ కట్టించారు. తర్వాత కట్టినవాళ్ళకే గడ్డాలు అతికించి, ఈటెలిచ్చి, వాండల్ సైనికులను చేశారు.

ఆ రోజు తీసే కథేమిటో జహాంగీర్ అనే అసిస్టెంటు హిందీలో విడమరచి చెప్పాడు. వాండల్ జనం ఎక్కడి నుంచో వచ్చి రోమ్ వాళ్ళ కార్తేజ్‌ను పట్టుకుని నూరేళ్ళు ఏలారట. ఆ నగరాన్ని మళ్ళీ గుంజుకురమ్మని రోమ్ చక్రవర్తి తన సేనాపతి బెలిసారియస్‌ను ఓడలెక్కించి పంపాడట. వాండల్ రాజు గెలిమర్‌కు గెలుపు చేతిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే దారిలో, యుద్ధంలో పడిన తమ్ముడి శవం కనబడింది. రాజు యుద్ధం మాట మరిచి, శవం మీద పడి ఏడ్చి, పాడె కట్టించాడు. ఈలోగా బెలిసారియస్ చెదిరిన దండును కూడగట్టుకుని మీద పడ్డాడు. రాజ్యం పోయింది.

"ఎంత బేవకూఫ్ రాజు!" అని జహాంగీర్ నవ్వాడు. అందరూ నవ్వారు.

"తమ్ముడు సచ్చిండు గదా. ఇంకేం జెయ్యాలె?" అన్నాడు ముత్యం. ఎవరూ వినిపించుకోలేదు.

బేవకూఫో కాదో గానీ, ఆ రాజు అదృష్టవంతుడు. రాజ్యం పోతే పోయింది, తమ్ముడి పక్కన కూర్చోవడానికి ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేకపోయింది.

పొద్దున్నే అందరి ఫోన్లూ సంచిలో వేసుకుని పాడె షాటు మొదలుపెట్టారు. ముత్యం పాడె ముందుకొమ్ము పట్టాడు. రాజు వేషగాడి కళ్ళల్లో చుక్కల మందు వేస్తే గానీ నీళ్ళు రాలేదు. ముత్యానికి ఏ మందూ అక్కర్లేకపోయింది. డైరెక్టర్ ఆపమని అరిచాడు. ఏడవాల్సింది రాజట, సిపాయి ఏడిస్తే చూసేవాళ్ళ కన్ను అటు పోతుందట. ముత్యం కళ్ళు తుడుచుకుని, రాజు ఏడుపు కుదిరేదాకా పాడె దించుతూ ఎత్తుతూ ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక గడ్డాలు పీకేసి, ఇనుప టోపీలు పెట్టి, అదే మనుషులను రోమ్ సైనికులను చేశారు. ఓడినవాళ్ళూ వీళ్ళే, గెలిచినవాళ్ళూ వీళ్ళే, రెండింటికీ కూలి ఒకటే. ఇప్పుడు తీసేది విందు. గెలిమర్ కోసం వండి ఉంచిన భోజనాన్ని బెలిసారియస్ అతని కోటలోనే కూర్చుని తిన్నాడట, వడ్డించింది కూడా ఆ రాజు పనివాళ్ళేనట. బల్ల నిండా వేయించిన పొట్టేలు మాంసం పెట్టారు. ముత్యాన్ని సేనాపతి పక్కనే కూర్చోబెట్టారు.

ముత్యం మాంసం ముక్క నోటిదాకా తెచ్చి దించేశాడు. కెమెరాకు తెలిసిపోయింది. మళ్ళీ తీశారు. మళ్ళీ దించేశాడు. డైరెక్టర్ నెత్తి కొట్టుకున్నాడు. గజేందర్ ఉరికివచ్చాడు.

"తినరాదురా! ఇది అయితెనే బస్సు కదుల్తది."

"పీనుగ లేవలేదన్నా. ఎట్ల తినాలె?"

"తింటెనే పోయి కొరివి పెడ్తవు. తినకుంటే అదిగూడ లేదు. నీ ఇష్టం."

ఎంత తేలికగా అన్నాడో! ముత్యం కళ్ళు మూసుకున్నాడు. నీ దగ్గరికి రావడానికే తింటున్నా తమ్మీ, తప్పు పట్టకు, అనుకున్నాడు. తిన్నాడు.

"గెలిచినవాడిలా తిను!" అని డైరెక్టర్ కేకేశాడు. పళ్ళెం నింపారు, మళ్ళీ తిన్నాడు. పొద్దుటి నుంచి మాడిన కడుపు కదా, తింటూ ఉంటే రుచి తెలిసింది. ఇంకో ముక్కకు చెయ్యి తనంతట తనే పోయింది. ఆ చెయ్యిని నరుక్కోవాలన్నంత అసహ్యం వేసింది ముత్యానికి. డైరెక్టర్ మాత్రం శభాష్ అంటూ చప్పట్లు కొట్టాడు.

పొద్దుగూకాక ఫోన్లు తిరిగిచ్చారు. సుమలత చాలాసార్లు చేసి ఉంది. ముత్యం ప్లైవుడ్ గోడ చాటుకు పోయి ఫోన్ చేశాడు.

"ఎత్తకపోతివి బావా," అంది సుమలత, ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతుతో. "పగటిపూట గాలివానకు స్తంభాలు కూలినయి, కరెంటు పోయింది. ఫ్రీజర్ నడ్వలేదు. ఇంక ఉంచొద్దన్నరు. వెలుగుండంగనే తీస్కపోయిండ్రు."

"కొరివి ఎవ్వలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన."

ముత్యం గోడకు ఆనుకున్నాడు. అవతల గజేందర్ బస్సు మెట్ల మీద నిలబడి "యల్లా, యల్లా, ఫ్లైటుకు లేటయితది!" అని పిలుస్తున్నాడు. వేలి సందుల్లో పొట్టేలు కొవ్వు ఇంకా జిడ్డుగా ఉంది.

"అందరం తానాలు మునిగినం బావా, మమ్ముల తినిపిచ్చిండ్రు," అంది సుమలత. "నువ్వు పొద్దటి సంది ఉపాసమే ఉన్నట్టున్నవు. నాకెర్కే నీ సంగతి. అన్ని అయిపోయినయి, ఇగ నువ్వు గూడ ఇంత తిను."

"తింట," అన్నాడు ముత్యం.