చేతకానట్టు కనపడాలి

నా మోకాళ్ళు పనిచేయడం లేదని రుజువు చేసుకోవడానికి పొద్దున్నుంచి మోకాళ్ళ మీద కూర్చుని ఇల్లు తుడుస్తున్నాను.

"రేపు ఇన్సూరెన్స్ ఆయన వస్తున్నాడు. సోఫా కింద ఆ దుమ్ము చూస్తే ఏమనుకుంటాడు?" అంది అత్తయ్య, ఆ సోఫాలోనే కూర్చుని, నా తడిగుడ్డకి అడ్డం రాకుండా కాళ్ళు పైకి పెట్టుకుని. ఇన్సూరెన్స్ కంపెనీ మనిషిని పంపేది సోఫా కింద చూడటానికి కాదు అని నేను అనలేదు. అనడానికి ఊపిరి కావాలి. నా ఊపిరి అప్పటికి సోఫా కిందే ఎక్కడో ఉంది.

ఆయన వచ్చేది నన్ను చూడటానికి. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ ఒకటుంది. అది నాకు అవసరమో కాదో ఆయన తేలుస్తాడు. అవసరమని నేను తేల్చుకుని చాలా కాలమైంది కానీ నా సంతకానికి విలువ లేదు. పాలసీ మా ఆయన ఆఫీసుది. అందులో నా పేరు పక్కన 'ఆధారపడిన వ్యక్తి' అని రాసి ఉంది. మధ్యాహ్నం ఆ కాగితం చదివి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, అత్తయ్య మాత్రలు డబ్బాలో సర్ది, మా అమ్మాయి బూట్లు తుడిచి, ఎవరి మీద ఆధారపడదామా అని కాసేపు ఇల్లంతా వెతికాను.

ఆపరేషన్ మాట మొదట ఎత్తినప్పుడు అత్తయ్య అంది, "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం ఏమిటమ్మా?" నోరు కట్టుకోవడం నాకు కొత్త కాదు. కట్టుకున్న నోట్లోకి మిగిలిన అన్నం మాత్రం ఎలా వెళ్తుందో నాకే తెలీదు. అమ్మాయి వదిలేసిన సగం ముద్ద, ఆయన వద్దన్న అడుగు కూర, రాత్రికి పాడైపోతుందేమోనన్న పప్పు. పారేస్తే పాపం, తింటే లావు. పాపం ఎవరికీ పడకుండా, లావు నాకే పడేటట్టు మా ఇంట్లో ఏర్పాటు ఉంది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. పిల్లలకి కొలత తీయాలంటే వాళ్ళ ముఖానికి సమానంగా కిందికి దిగాలి. ఆ మధ్య ఒక పిల్లకి కొలత తీయడానికి మోకాళ్ళ మీద దిగాను. దిగడం వచ్చింది, లేవడం రాలేదు. షోకేసు పట్టుకుని లేవబోతుంటే ఓనరు పరుగున వచ్చాడు. చెయ్యి అందిస్తాడనుకున్నాను. "అది పట్టుకోకమ్మా, అద్దం!" అన్నాడు. ఆ పిల్ల వాళ్ళ అమ్మ నా చంకల కింద చేతులు పెట్టి లేపింది. మర్నాటి నుంచి నన్ను లోపల డబ్బాలు సర్దే పనిలో వేశారు. "కస్టమర్ల ముందు బావుండదు కదా, ఏమనుకోకు" అన్నాడు ఓనరు. నేను ఏమీ అనుకోలేదు. అనుకోకు అన్నాక అనుకోకుండా ఉండటంలో నాకు మంచి అనుభవం ఉంది. కానీ మొదటిసారి జోడు పెట్టుకోగానే ఎదురుగా గోడ మీద గడియారం ముళ్ళు కనపడి పిల్లలు నోరు తెరుస్తారు చూడండి, ఆ నోరు చూడటానికే నేను ఆ షాపుకి వెళ్తాను. డబ్బాలకి నోరుండదు. మళ్ళీ కిందికి దిగి, ఎవరి చెయ్యీ లేకుండా పైకి లేవాలి. నాకు కావలసింది అంతే. సన్నబడటం కూడా కాదు.

డాక్టరమ్మ ఎత్తూ బరువూ కలిపి ఒక అంకె తీసింది. ముప్పై ఎనిమిది.

"నలభై దాటితే ఏమీ అడక్కుండా ఒప్పుకుంటారమ్మా. మీకు రెండు తక్కువ. ముప్పై అయిదు దాటినవాళ్ళకి ఇంకో దారి ఉంది. బరువు వల్ల రోజువారీ పనులు చేసుకోలేకపోతున్నారని వాళ్ళ మనిషి ఇంటికొచ్చి చూడాలి."

"అంటే రెండు మార్కుల్లో తప్పిందన్నమాట" అన్నాడు మా ఆయన. బయటికొచ్చాక మెట్లు దిగుతూ ఇంకో ఆలోచన చెప్పాడు. "ఓ రెండు నెలలు గట్టిగా తినేసి నలభై చేసేద్దామా?" పెళ్ళయిన దగ్గర్నుంచి నా పళ్ళెంలో ముద్దలు లెక్కపెట్టిన మనిషి. స్కూటరు వెనక నేను ఎక్కిన ప్రతిసారీ దిగి టైరు నొక్కి చూసే మనిషి. అత్తయ్యయితే నిజంగానే నొచ్చుకుంది. "ఇన్నాళ్ళూ కొండలా ఉందనుకున్నాం. తీరా చూస్తే కొండ కింద కూడా లెక్క రాదట!"

మేం బయటికి రాకముందు డాక్టరమ్మ, "గురక పెడతారా?" అని కూడా అడిగింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నా గురకని మొదలు, మధ్య, చివర విడివిడిగా అనుకరించి చూపించే మా ఆయన కుర్చీలో సర్దుకుని, "అబ్బే, ఏదో కొంచెం. మరీ అంత కాదండీ" అన్నాడు. నా పరువు కాపాడాలని ఆయనకి అంతకు ముందు ఎప్పుడూ తోచలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇల్లు తుడిచిన మర్నాడు ఇన్సూరెన్స్ ఆయన వచ్చాడు. మా లిఫ్టు బాగుచేస్తూనే ఉంటారు కాబట్టి మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. గుమ్మంలో ఆగి, తలుపు పట్టుకుని, చెయ్యి ఊపుతూ మాట కోసం వెతుక్కున్నాడు. పొట్ట ఆయన కంటే ముందే లోపలికి వచ్చేసింది. ఆ అంకె ఏదో తీస్తే నాకంటే ముందు ఈయన పాసవుతాడనిపించింది. నేను గబగబా వెళ్ళి కుర్చీ తెచ్చాను. ఫ్యాను పెంచాను. నీళ్ళు ఇచ్చాను. టీ పెట్టాను. బిస్కెట్లు ఒక్కటే పెడితే బావుండదని ఏదో వేడివేడిగా వేయించి కూడా తెచ్చాను.

"మేడం మెట్లు ఎక్కగలుగుతున్నారా?" అని అడిగాడు ఆయన.

"అయ్యో, అదేం మాట బాబూ!" అంది అత్తయ్య. "రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో! నీళ్ళ క్యాను కూడా తనే మోసుకొస్తుంది. నేను ఇంత దాన్ని ఉన్నాను, నా చేత ఒక్క గ్లాసు కడగనివ్వదంటే నమ్ము."

"మా ఇంట్లో ఎవరికీ ఏ రోగాలూ లేవండీ" అన్నాడు మా ఆయన, బ్యాంకు లోను ఎంక్వయిరీకి వచ్చినవాడితో మాట్లాడుతున్నట్టు ఛాతీ ముందుకు పెట్టి. "మావిడ చాలా యాక్టివ్."

నేను ట్రే పట్టుకుని నిలబడి, "మోకాళ్ళు..." అన్నాను.

"ఆ, వయసన్నాక ఎవరికి ఉండవు?" అంది అత్తయ్య నవ్వుతూ. "దాని నొప్పి దానిదే, పని పనిదే. కూర్చోమన్నా కూర్చోదు బాబూ."

కూర్చోమని ఎప్పుడన్నారో గుర్తు తెచ్చుకుంటూ ఉన్నాను. ఈలోగా ఆయన టీ తాగుతూ ఇల్లంతా చూశాడు. "ఇల్లు అద్దంలా ఉందండీ. పనిమనిషి ఉందా?"

ఇక్కడ నేను వాళ్ళని అనడానికి లేదు. నా నోరే. కట్టుకోవలసిన సమయంలో కట్టుకోని నోరు.

"లేదండీ, అంతా నేనే" అన్నాను. గర్వంగా కూడా అన్నాను.

జవాబు మా ఆయన ఫోనుకి వచ్చింది. రోజువారీ పనులకు ఎలాంటి ఆటంకమూ కనపడలేదు, కాబట్టి కుదరదు.

"అన్యాయం కదూ!" అన్నాడు మా ఆయన.

"నేనేమైనా అబద్ధం చెప్పానా?" అంది అత్తయ్య. "మెచ్చుకున్నా తప్పేనా ఈ ఇంట్లో?" నిజమే. కాపురానికి వచ్చాక నాకు దొరికిన మొదటి మెప్పు అది. ఆపరేషన్ ఖరీదంత పలికింది.

ఇంకో అవకాశం ఉందని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ చూడమని అడిగితే మళ్ళీ పంపుతారు, అంతే, ఆ తర్వాత ఉండదు. "ఈసారి ఉన్నది ఉన్నట్టు చూపించండమ్మా" అంది.

మా ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చూపించడానికి రిహార్సల్సు మొదలయ్యాయి. "నువ్వు కొంచెం కుంటు" అన్నాడు మా ఆయన. "ఒకవైపే కుంటు, రెండు వైపులా కుంటితే నమ్మరు." అత్తయ్య, "మంచం పట్టిందని నేను చెప్తాలే, కావాలంటే రెండు కన్నీళ్ళు పెడతాను" అని ఉదారంగా ఒప్పుకుంది. చివరికి మా ఆయన పూర్తి పథకం తయారు చేశాడు. "ఆయన గురువారం పదకొండింటికి వస్తాడు. నువ్వు పొద్దున్నే లేచి పనంతా చేసేసెయ్. టిఫిను, వంట, గిన్నెలు, ఇల్లు తుడవడం, నీళ్ళు పైకి తేవడం. పదకొండింటికల్లా చేతకానట్టు పడుకో."

ఆయన చాలా మామూలుగా అన్నాడు. నేనూ మామూలుగానే తలూపాను. కానీ ఆ మాట నాతోపాటు షాపుకి వచ్చింది, డబ్బాల మధ్య తిరిగింది, ఇంటికి తిరిగొచ్చింది. ఉన్నది ఉన్నట్టు అంటే ఏది? నీళ్ళ క్యాను నేను మోయగలను. మోసి దించాక వంటగట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గుండె తన చోటికి తాను వచ్చేదాకా నిలబడతానే, అది ఎవరు చూశారు? కుళాయి తిప్పి ఉంచుతాను, రొప్పు వినపడకుండా. మెట్ల మలుపులో ఆగినప్పుడు ఫోను తీసి చూస్తున్నట్టు నిలబడతాను. ఎవరైనా ఎదురైతే నవ్వుతాను. ఇన్నేళ్ళూ నేను నటించింది చేతనైనట్టు. చేతకానట్టు కొత్తగా నటించక్కర్లేదు, ఉన్న నటన మానేస్తే చాలు. ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఒక కంపెనీ నిబంధన కావలసి వచ్చింది.

ఆ సాయంత్రం నుంచే మానేశాను. నొప్పి పుట్టేదాకా చేస్తాను, పుట్టగానే ఆపుతాను. నా రూలు అంతే. రెండు గదులు తుడిచేసరికి నొప్పి పుట్టింది. మూడో గదిలో బకెట్టు వదిలేసి కుర్చీలో కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "అమ్మా, కూర్చున్నావేంటి? జ్వరమా?"

"బాగా ప్రాక్టీసు చేస్తున్నావు!" అన్నాడు మా ఆయన సంబరంగా. మర్నాడు సంబరం కాస్త తగ్గింది. ఆ మర్నాడు సింకులోంచి తన కప్పు తానే వెతికి తీసుకుంటూ, "ప్రాక్టీసు ఎక్కువవుతోందేమో చూసుకో" అన్నాడు.

"ఆయన వచ్చేది గురువారం కదా," అంది అత్తయ్య, ఆందోళన పట్టలేక, "సోమవారం నుంచే ఎందుకమ్మా?"

"నాకు సోమవారం కూడా మోకాళ్ళున్నాయి అత్తయ్యా" అన్నాను.

మిగిలిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది. ఒక రాత్రి అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పారెయ్యలేక, తనే తినేసింది. తింటున్నంతసేపూ నన్నే చూసింది. నేను లెక్కపెట్టలేదు.

గురువారం వచ్చింది. సోఫా మీద ఉతికిన బట్టలు, సోఫా కింద దుమ్ము. సింకు నిండి గట్టు మీదికి వచ్చింది. నీళ్ళ క్యాను కిందే, మెట్ల దగ్గరే ఉండిపోయింది. నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. లేచి ఆ బట్టలైనా మడతపెడదామా, మనిషొస్తే బావుండదు అని రెండుసార్లు చేతులు వాటంతట అవే కుర్చీ అంచు పట్టుకున్నాయి. రెండుసార్లూ చేతుల్ని వెనక్కి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను.

బెల్లు మోగింది.

"తలుపు" అంది అత్తయ్య టీవీ చూస్తూ.

"అవును అత్తయ్యా, తలుపే" అన్నాను.

మళ్ళీ మోగింది. అత్తయ్య నన్ను చూసింది, తలుపుని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. చివరికి మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి తీశాడు. గుమ్మంలో అదే మనిషి, అదే రొప్పు. "మంచినీళ్ళు..." అన్నాడు.

మా ఆయన వంటింట్లోకి వెళ్ళి, కాసేపు గిన్నెల చప్పుడు చేసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. "నీళ్ళు కింద ఉండిపోయాయండీ. ఒక్క నిమిషం" అని చెప్పులు వేసుకోబోయాడు.

ఇన్సూరెన్స్ ఆయన కూర్చోవడానికి సోఫాలో చోటు వెతుక్కున్నాడు, దొరకలేదు. నేలనీ, బట్టలనీ, సింకునీ, గుమ్మంలో ఒంటి చెప్పుతో నిలబడిన మా ఆయననీ వరసగా చూశాడు.

"ఏంటి సర్, ఇల్లు ఇలా ఉంది? మేడం ఊళ్ళో లేరా?"

"ఉన్నానండీ" అన్నాను కుర్చీలోంచి లేవకుండా. "పోయినసారి మీరు వచ్చినప్పుడే లేను."