ముప్పై ఆరు పాయింట్ నాలుగు

మేకును నేలలో గుచ్చి, తాడు బిగలాగి, దాని వెంబడే సున్నం డబ్బా వంచుకుంటూ రసమిది వంగి నడుస్తున్నాడు. అది పదిహేడో గడి. ఒక్కో గడి రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. గడికీ గడికీ మధ్య మళ్ళీ రెండు మీటర్లు. అలాంటివి ఇరవై నాలుగు గీయాలి. కరోనా కమిటీ ఇచ్చిన అనుమతి పత్రంలో అలాగే రాసి ఉంది. ఎవరి గడిలో వాళ్ళే ఉండాలి. ఎవరి బంతి వాళ్ళదే, ఎవరి నీళ్ళసీసా వాళ్ళదే. ఒకరినొకరు తాకకూడదు, జట్లుగా ఆడకూడదు. ఒక్క పిల్లవాడికి జబ్బు తేలినా, పనివాళ్ళలో ఒక్కడికి తేలినా మైదానం మూసెయ్యాలి. పద్నాలుగు నెలల తర్వాత ఆ సాయంత్రం మూడున్నరకు కుదుస్ ఊరి పిల్లల ఫుట్‌బాల్ శిక్షణ మళ్ళీ మొదలవుతోంది.

అతనికి అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి గడ్డి కోసే యంత్రాన్ని భుజాన మోసి కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి జారిపోయింది. సున్నం తినేయడంతో గోళ్ళు అంచుల్లో పెచ్చులూడాయి. పాదాలు చదునుగా, వెడల్పుగా, నేలకు అంటించినట్టు ఉంటాయి. ఆ పాదాలతో అతను జీవితంలో ఒక్క ఆట కూడా ఆడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇక్కడి వరిమడిని పూడ్చడానికి మట్టి మోసే కూలీగా వచ్చాడు. పని అయిపోయిన రోజున మేస్త్రీ వెళ్ళిపోయాడు. కొత్తగా నాటిన గడ్డికి నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు. రసమిది పెట్టాడు. మర్నాడూ పెట్టాడు. పొమ్మన్నవాళ్ళెవరూ లేరు కాబట్టి ఉండిపోయాడు. లవంగం సిగరెట్లు చుట్టే కర్మాగారంలో పనిచేసే సుతీనాను చేసుకుని, మైదానం మూలనున్న సామాన్ల గది పక్కనే ఇంకో గది కట్టుకున్నాడు. పిల్లలు కలగలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. బంతి తన్నిన చప్పుడు వింటే చాలు, తన్నినవాడు వేళ్ళతో పొడిచాడో, పాదం పైభాగంతో కొట్టాడో గదిలో పడుకునే చెప్పగలడు. ఈ పద్నాలుగు నెలలూ ఆ చప్పుడు లేక అతనికి సరిగా నిద్ర పట్టలేదు.

గళ్ళు పూర్తయ్యేసరికి ఆయాసం వచ్చింది. మోకాళ్ళ మీద చేతులుంచి కాసేపు దగ్గాడు. రంజాన్ పండుగ అయిన వారానికి కొండమీది దర్గాకు వ్యానులో వెళ్ళి వచ్చాక పట్టుకున్న దగ్గు అది. పద్నాలుగు మంది ఎక్కిన వ్యానులో మాస్కులన్నీ గడ్డాల కిందే ఉన్నాయి. ఎండకు దుమ్ము ఎక్కువైందిలే అనుకున్నాడు.

బంతులను వరసగా పేర్చి, క్రిములను చంపే మందు నీళ్ళ సీసా మూత తీశాడు. మామూలుగా ఆ మూత తీస్తే తల పక్కకు తిప్పుకోవాల్సిందే. ఈరోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ముక్కుకు మాత్రం ఏమీ తెలియలేదు.

"నీళ్ళు కలిపి అంటగట్టాడు వెధవ" అని దుకాణంవాడిని తిట్టుకున్నాడు.

మసీదు మైకు గరగరమంది. పోయినవారి పేరు, తండ్రి పేరు, వీధి, ఎన్నింటికి పూడుస్తారో చెప్పి ఆగిపోయింది. పొద్దుటి నుంచి అది రెండోది. ఆ వాడలో నెలకు రెండు వినబడితేనే జనం 'ఏమిటో ఈ నెల' అనుకుంటారు.

గోడ అవతల సులామి బండి పెట్టుకుని ఉంది. అన్నపు దిమ్మల మీద పనసకాయ కూర పోసి అరిటాకులో ఇస్తుంది. ముప్పై ఏళ్ళుగా రసమిది పొద్దుటి తిండి ఆమె చేతిదే. అతను కోచ్ ఇచ్చిన జ్వరం తుపాకి పట్టుకుని వెళ్ళాడు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి పిల్లల నుదుళ్ళకు గురిపెట్టాల్సింది తనే. చెయ్యి తిరగాలి కదా. తన నుదుటికి పెట్టుకున్నాడు. ముప్పై ఆరు పాయింట్ నాలుగు. సులామికి పెట్టాడు. ముప్పై ఆరు పాయింట్ నాలుగు.

"నా కూర కుండకు కొట్టు అన్నా" అంది సులామి.

కుండలో కూర కుతకుతలాడుతోంది. ముప్పై ఆరు పాయింట్ నాలుగు.

సులామి గరిటె పట్టుకునే పగలబడి నవ్వింది. "పోనీలే, నా కుండకు జ్వరం లేదు. దీన్ని కూడా ఆటకు పంపనా?"

రసమిదీ నవ్వబోయాడు. నవ్వు కాస్తా దగ్గయింది. ఎండకు కాలుతున్న గోడకు పెట్టి చూశాడు. అదే అంకె. తుపాకిని జేబులో వేసుకుని ఆకు అందుకున్నాడు.

రెండు ముద్దలు తిన్నాక, "ఇవాళ ఉప్పు మర్చిపోయావు సులామీ" అన్నాడు.

"నా ఉప్పుకు వంక పెట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టిందా నీకు? పొద్దుటి నుంచి నలభై మంది తిన్నారు. ఒక్కడూ నోరెత్తలా."

"ఉప్పే కాదు. కారమూ లేదు."

"నాలుగు పచ్చిమిరపకాయలు నమిలావు ఇప్పటికి. చూస్తూనే ఉన్నా. నోరా, బండరాయా అది?" అంటూ ఆమె ముక్కు చిట్లించుకుంది. "అబ్బా, సిగరెట్ల కర్మాగారం గోదాములో బస్తాలు విప్పినట్టున్నారు. లవంగం ఘాటుకు ముక్కు పగిలిపోతోంది."

రసమిది తల పైకెత్తాడు. గాలి తగులుతోంది. గోదాము వైపు నుంచే వస్తోంది. గుండెల నిండా పీల్చాడు. ఏమీ లేదు. ఈ ఊళ్ళో పుట్టినవాడికి లవంగం వాసన లేని గాలి ఉంటుందని కూడా తెలియదు. సుతీనా వేళ్ళకు సబ్బు పెట్టి రుద్దినా పోని వాసన అది. ఆమె పోయాక కూడా తలగడలో ఏడాది పాటు ఉంది. మళ్ళీ పీల్చాడు.

ఆకు మడిచి తన చేత్తోనే చెత్తబుట్టలో పడేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. గోడ తగిలేదాకా.

"ఉప్పు నీ తప్పు కాదు సులామీ" అన్నాడు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. గడ్డం కింది మాస్కు మెల్లగా పైకి లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దగ్గు నాలుగు రోజులు. వాసన ఇవాళే."

"కోచ్‌కు చెప్పు."

"చెబితే ఇవాళే మూసేస్తారు."

"మూస్తే మూసుకోనీ! పిల్లల కంటే ఎక్కువా నీకు ఆ గడ్డి?"

"పిల్లల కోసమేనమ్మా. వాళ్ళు వచ్చే దారిలో నేనుండను. గదిలో పడి తలుపేసుకుంటా. గాలి కూడా తగలనివ్వను." బండి వైపు చూసి, "నువ్వూ మూడు నాలుగు రోజులు బండి పెట్టకు. మాస్కు లేకుండా నా ఎదురుగా నవ్వావు" అన్నాడు.

సులామి గరిటె కుండలో వదిలేసింది. మంట మీద నీళ్ళు పోసింది. కూర ఇంకా సగం కుండ ఉండగానే బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

రసమిది తిరిగి వచ్చి బంతులన్నిటికీ మళ్ళీ మందు నీళ్ళు కొట్టాడు. గేటు గడియకు కొట్టాడు. తను ముట్టుకున్న కుర్చీకి, మేకుకు, తాడుకు, తుపాకికి కొట్టాడు. గళ్ళ మధ్యన నడుస్తూ గడ్డి మీద కూడా చల్లాడు. మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. తుపాకిని గేటు పక్క కుర్చీ మీద పెట్టి, గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. వెనకవైపు కిటికీ తెరిచి, మైదానం వైపు కిటికీ రెక్కలు కన్ను పట్టేంత వదిలి మిగతాది మూశాడు. మధ్యాహ్నం మైకు మూడో పేరు చదివింది. ఆ మూడో ఆయన తనతో వ్యానులో వచ్చినవాడే.

రెండున్నరకు కోచ్ యూలి వచ్చాడు. పగలు మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. పాతికేళ్ళ కిందట అతనూ ఈ మైదానంలోనే మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడిన పిల్లవాడు. కిటికీ వైపు వస్తుంటే లోపలి నుంచి, "అక్కడే ఉండు యూలీ" అని వినిపించింది.

"ఏమైంది బాబాయ్?"

"నడుము పట్టేసింది. లేవలేను. గేటు దగ్గర నువ్వే నిలబడు." దగ్గు ఆపుకున్నాడు. "ఆ తుపాకి పనిచెయ్యట్లేదు. కూర కుండకూ అదే అంకె చూపిస్తోంది."

"పత్రంలో తుపాకి ఉండాలని ఉంది బాబాయ్. ఉంది కదా."

"అయితే నోటితో అడుగు. పొద్దున ఏం తిన్నావు, రుచి తెలిసిందా అని ఒక్కొక్కర్నీ అడుగు."

"రుచి ఎందుకు?"

"అడుగయ్యా. నా మాట కోసం అడుగు."

మూడున్నరకు పిల్లలు వచ్చారు. రసమిది కిటికీ సందులో కన్ను పెట్టి చూశాడు. సగం మందిని పోల్చుకోలేకపోయాడు. అంతలా సాగిపోయారు. కొందరు బూట్ల ముందుభాగం కోసుకోవడంతో వేళ్ళు బయటికి వచ్చాయి. పరుగెత్తుకొచ్చి ఒకరి మీద ఒకరు పడబోయి, యూలి ఈల వేస్తే గుర్తొచ్చి దూరం దూరంగా నిలబడ్డారు. యూలి తుపాకి పెడుతూ అడుగుతున్నాడు.

"ఏం తిన్నావురా?"

"గుడ్డు కూర, కోచ్."

"రుచిగా ఉందా?"

"మా అమ్మ వంట ఎప్పుడు రుచిగా ఉంది కోచ్?"

అందరూ గొల్లున నవ్వారు. వెనకనున్న తల్లి చెప్పు చూపించింది. ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. తొమ్మిదోవాడు గాలిహ్. పన్నెండేళ్ళవాడు. రోడ్డు మీద తండ్రి బండి ఇంజను ఆపకుండానే వాణ్ణి దించి వెళ్ళబోతున్నాడు.

"ఏం తిన్నావు?"

"నూడుల్స్."

"ఎలా ఉన్నాయి?"

గాలిహ్ భుజాలెగరేశాడు. "తెలీదు కోచ్. నిన్నటి నుంచి అన్నీ ఒకేలా ఉన్నాయి. కాగితం తిన్నట్టు."

తుపాకి మీద ముప్పై ఆరు పాయింట్ నాలుగు వెలుగుతోంది. యూలి దానివంక చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి మూలనున్న గది కిటికీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. రసమిది సందు దగ్గరి నుంచి పక్కకు జరిగాడు.

గాలిహ్‌ను తండ్రి బండి మీద వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. వాడి ఏడుపు మలుపు తిరిగేదాకా వినిపించింది. వాడి గడి ఖాళీగా ఉండిపోయింది.

మిగిలినవాళ్ళు గళ్ళలో నిలబడి బంతులు తన్నడం మొదలుపెట్టారు. రసమిది గోడకు వీపు ఆనించి కింద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ధబ్, ధబ్. ఇది వేళ్ళతో. ఇది మడమతో. ఇది, అదిగో, సరిగ్గా పాదం పైభాగంతో. ఆ చప్పుడు నీనిస్‌ది. పదకొండేళ్ళ పిల్ల. అమ్మాయివి నీకెందుకు అని నలుగురూ అంటే, "గడ్డికి ఆడా మగా తెలుస్తుందా, రానివ్వండి" అని మూడేళ్ళ కిందట లోపలికి పంపింది అతనే. పద్నాలుగు నెలలూ గోడకు తన్ని తన్ని సాధన చేసినట్టుంది. దెబ్బలో బరువు పెరిగింది. అతని ముఖం మీదికి నవ్వు వచ్చింది. లోపల ఎక్కడో ఊపిరి చిల్లు పడినట్టు ఈల వేస్తోంది.

కాసేపటికి ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి గది మెట్టుకు కొట్టుకుంది. వెనకే చిన్న అడుగుల పరుగు.

"మిది తాతా! బయటికి రా తాతా, నేను ఎంత పొడుగయ్యానో చూడు!"

అడుగులు మెట్టు దాకా వచ్చేశాయి. తలుపు గడియ అవతల ఆ పిల్ల చెయ్యి పడబోతోంది.

"ఆగు!" రసమిది అరిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గొంతు ఆ మైదానంలో ఎవరూ వినలేదు. "ముట్టుకోకు! వెనక్కి పో! నీ గడిలోకి పో!"

అడుగులు ఆగిపోయాయి.

"బంతి తాతా..."

"బంతి వద్దు ఏమీ వద్దు. పొమ్మంటుంటే నీకు కాదూ!"

కిటికీ సందులోంచి చూశాడు. నీనిస్ ముఖం ముడుచుకుపోయింది. మాస్కు పైన కళ్ళు నిండాయి. వెనక్కి నడిచింది. పరుగెత్తలేదు. గడిలో బంతి లేకుండా, చేతులు కట్టుకుని శిక్షణ అయ్యేదాకా నిలబడింది. ఇటువైపు తిరగలేదు.

అయిదింటికి యూలి పిల్లలందరినీ పంపేశాడు. తర్వాత వచ్చి గదికి పది అడుగుల దూరంలో ఆగాడు. ఎండ వాలి అతని నీడ మెట్టు దాకా పొడుగ్గా వచ్చింది.

"బాబాయ్."

"ఊఁ."

"పొద్దున సులామక్క కూర రుచి ఎలా ఉంది?"

లోపలి నుంచి ముందు దగ్గు, తర్వాత జవాబు వచ్చాయి.

"ఉప్పు మర్చిపోయిందిరా."

యూలి అక్కడే నిలబడ్డాడు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి శిక్షణ జరగలేదు. ఆ వారంలోనే ఊరంతా మూతపడింది. సులామి రోజూ పొద్దున ఆకుపొట్లం గోడ మీద పెట్టి కేక వేసేది. లోపలి నుంచి దగ్గు వినిపిస్తే వెళ్ళిపోయేది. నాలుగో రోజున ముందు రోజు పొట్లం అలాగే ఉండటం చూసి యూలికి కబురు చేసింది. అంబులెన్సు రావడానికి ఏడు గంటలు పట్టింది. తెల్లదుస్తుల వాళ్ళు పట్టుకోబోతే రసమిది చెయ్యి అడ్డం పెట్టి, గోడ ఆసరాతో తనే నడిచి వచ్చాడు. గేటు దాటాక వెనక్కి తిరిగాడు. అందరూ అరుస్తున్నా వినకుండా గేటు లాగి, గొలుసు చుట్టి, తాళం వేశాడు. లాగి చూశాడు. తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని బండి ఎక్కాడు. యూలి రోడ్డు అవతల నిలబడి చెయ్యెత్తాడు. అతను చూశాడో లేదో తెలియదు.

మూడో రోజున మసీదు మైకు చదివిన పేర్లలో అతనిది ఆరోది. వేసుకున్న బట్టలతోనే ప్లాస్టిక్‌లో చుట్టి పూడ్చారన్నారు. గాలిహ్ ఇంట్లో నలుగురు జబ్బు పడ్డారు, నాయనమ్మ పోయింది. ఆ రోజు గళ్ళలో ఆడిన ఇరవై ముగ్గురిలో ఎవరికీ ఏమీ కాలేదు. కమిటీవాళ్ళు వచ్చినప్పుడు, జ్వరం తుపాకి వాడబట్టే పిల్లలు బతికారని కాగితంలో రాసుకుని వెళ్ళారు. యూలి సంతకం పెట్టాడు.

నవంబరులో మళ్ళీ అనుమతి వచ్చింది. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. యూలి తన షాపు నుంచి ఇనుము కోసే కత్తెర తెచ్చి గొలుసు కత్తిరించాడు. పిల్లలు లోపలికి వెళ్ళారు. నీనిస్ అందరికంటే వెనక నిలబడి, కాసేపు గేటు వైపే చూసి, తర్వాత వెళ్ళింది.

తెగిన గొలుసు గడ్డిలో పడి ఉంది. దానికి తాళం ఇంకా వేసే ఉంది.