దిష్టి కొక్కేనికి వేలాడిన టమాటా బుట్ట

నన్ను కొక్కేనికి తగిలించిన రోజు ఆ ఇంట్లో నలుగురు ఉన్నారు. గంగులమ్మ నడవలో మంచం మీద పడుకుని ఉంది. ఆమె కొడుకు జయచంద్ర అన్నం తింటున్నాడు. కోడలు రామతులసి వసారాలో స్టూలెక్కి నిలబడింది. మనవరాలు మైథిలి ఆ స్టూలు కదలకుండా పట్టుకుంది. ఐదవదాన్ని నేను. నన్ను ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి నేనే లెక్కపెట్టుకుంటున్నాను.

నేను ఒక ఈతబరిగెల బుట్టను. గంపలల్లే మునెమ్మ నన్ను ఒక మధ్యాహ్నంలో అల్లింది. అల్లుతున్నంతసేపూ ఎవరైనా కొనడానికి వస్తారేమోనని దారివైపే చూసింది. అందుకే నా అంచు ఒక పక్కన కొంచెం వంకర. కొనేటప్పుడు గంగులమ్మ ఆ వంకరను వేలితో తడిమి, ఇది నిలబడుతుందా అని అడిగింది. అప్పటినుంచి ఆమెకు నా మీద అనుమానం, నాకు ఆమె మీద అనుమానం.

మొదట్లో చేలో టమాటాలు మోశాను. చెట్టు దగ్గరినుంచి గట్టు దాకా మాత్రమే. గట్టు దాటి మదనపల్లె మార్కెట్టుకు వెళ్లేవి పెద్ద గంపలు. ఆ తర్వాత ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి, పెద్ద గంపలూ నేనూ ఒకేసారి పశువుల కొట్టంలో మూలన పడ్డాం. అక్కడ ఒక కోడి నాలో గుడ్లు పెట్టి పొదిగింది. ఇరవై ఒక్క రోజులు నా అంచు వంకరను అది ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు.

నన్ను దుమ్ము దులిపి బయటికి తెచ్చింది రామతులసి. మండలంలో తోటల ఆఫీసు మేడమ్ ఒకామె ఆడవాళ్లకు మూడు రోజులు శిక్షణ ఇచ్చింది. కొత్తగా తోట మొదలుపెట్టేవాళ్లకు నేల అక్కరలేదనీ, ఎండ తగిలే చోట ఒక బుట్ట వేలాడదీసి చిన్న రకం టమాటా వేస్తే చాలనీ చెప్పింది. ఎవరి బుట్ట బాగా కాస్తే వాళ్లను ఊరూరా తిరిగి నేర్పించే పనికి తీసుకుంటానని కూడా చెప్పింది. రామతులసికి ఆ పని కావాలి. పది పాసైన ఏడాదే పెళ్లయి ఈ ఇంటికి వచ్చింది. ఇది తన పని అని చెప్పుకోవడానికి పదిహేనేళ్లలో ఆమెకు ఏదీ దొరకలేదు.

ఊరి చుట్టూ ఎకరాలకెకరాలు టమాటానే. అలాంటి ఊళ్లో బుట్టలో టమాటా అంటే జయచంద్రకు నవ్వొచ్చింది. గంగులమ్మకు రాలేదు. టమాటా ఒక సాకు, కోడలికి కావలసింది ఊళ్లు తిరగడమని ఆమె పక్కింటి నాగవేణితో చెప్పింది. నాగవేణి తలూపింది. ఆ తల ఎవరు చెప్పినా ఊగుతుంది.

రామతులసి నా లోపల యూరియా సంచి పరిచి, అడుగున చీలతో చిల్లులు పెట్టింది. చేలో మట్టి ఒక్కటే నింపితే నేను తెగి పడతానని, మట్టితోపాటు మాగిన పేడ ఎరువు, కొబ్బరి పీచు సమానంగా కలిపి పోసింది. మధ్యలో ఒకే ఒక నారు నాటింది. నాలుగు నాటితే తొందరగా నిండుతుంది కదా అని మైథిలి అడిగింది. నాలుగూ పోట్లాడుకుంటాయని చెప్పింది రామతులసి. ఒక ఇంట్లో నలుగురున్నా పోట్లాడుకుంటారని నాకు తెలుసు, కానీ నన్ను ఎవరూ అడగలేదు.

తప్పు జరిగింది కొక్కెం దగ్గర. పొద్దున్నుంచి పదకొండు దాకా ఎండ పడే చోటు ఆ ఇంట్లో ఒక్కటే, వీధి తలుపు ముందు. అక్కడ కొక్కెం కూడా ఉంది. ఏటా దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టే కొక్కెం అది. పాత కాయ కుళ్లి రాలిపోయి, అప్పటికి ఖాళీగా ఉంది. కొత్తది కొట్టివ్వమని రామతులసి మొగుణ్ణి అడిగితే, ఉన్నది చాలదా అని అతను అన్నం కలుపుకున్నాడు.

గంగులమ్మ నిద్ర లేచి వచ్చి పైకి చూసింది. అరుస్తుందనుకున్నాను. లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం ఒక నిమ్మకాయ, ఏడు ఎండుమిరపకాయలు నల్లదారానికి గుచ్చి తెచ్చి నా అడుగున కట్టింది. నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. ఆమె లెక్కలో నేను తోట కాదు, గుమ్మడికాయ స్థానంలో వచ్చిన దిష్టిబుట్టను.

మొక్క పెరిగి నా అంచుల మీదినుంచి కిందికి జారింది. రామతులసి పొద్దునా సాయంత్రం నీళ్లు పోసేది. గాలికి వేలాడేది నేల మీద మొక్క కంటే తొందరగా ఆరిపోతుందని మేడమ్ చెప్పిందట. రోజుకొకసారి నన్ను కొంచెం తిప్పి, అన్ని వైపులా ఎండ తగిలేలా చూసేది. పూత వచ్చాక, పుప్పొడి రాలి కాయ కట్టాలని తాడును వేలితో మెల్లగా తట్టేది. దారిన పోయేవాళ్లందరూ తలెత్తి చూడసాగారు. వాళ్లు చూసేకొద్దీ గంగులమ్మకు సంతోషం. చూపులన్నీ నా మీదే పడుతున్నాయి కదా. ప్రతి తలా పైకి లేచినప్పుడు నాకు మాత్రం ఒళ్లు బిగుసుకునేది. ఎవరు మెచ్చుకుంటున్నారో, ఎవరు కుళ్లుకుంటున్నారో కిందినుంచి చూసే కళ్లలో తెలియదు.

కాయలు పండే రోజుల్లోనే జయచంద్ర క్రేట్లు వేసుకుని పోతున్న ఆటో మలుపులో బోల్తా పడింది. మోచేయి గీరుకుపోవడం తప్ప అతనికేమీ కాలేదు. గంగులమ్మ కొడుకు చేతికి పసుపు అద్ది, బయటికి వచ్చి నన్ను చూసింది. ఇంటి మీదికి వచ్చినదాన్ని ఇది మింగేసిందని చెప్పింది. నేను ఏమీ మింగలేదు. మెడ దాకా మట్టి ఉన్నదాన్ని ఏం మింగుతాను?

కానీ మింగినదాన్ని ఇంట్లో ఉంచుకోకూడదట. వచ్చే అమావాస్యకు దించి, వాకిలి ముందు మూడుసార్లు తిప్పి, మూడు దారులు కలిసే చోట పగలగొట్టాలట. అంతవరకూ నాలో కాసినవి ఎవరూ నోట పెట్టకూడదట. అమావాస్య బుధవారం. మేడమ్ బుట్ట చూడటానికి వస్తానన్నది గురువారం.

అక్కడినుంచి కాయలు మాయం కాసాగాయి. రామతులసి పొద్దున్నే లెక్కపెట్టేది. ఇరవై ఆరు, మరునాడు ఇరవై ఐదు, ఆ మరునాడు ఇరవై నాలుగు. కాకి అనుకుని పాత చీర చుట్టింది. చీర కింద కూడా తగ్గాయి. మైథిలిని అడిగింది. ఆ పిల్ల అవునని చెప్పదు, కాదని చెప్పదు, తల వంచుకుని బొటనవేలు చూసుకుంటుంది. దాంతో దొంగ ఆ పిల్లే అయింది. నాగవేణి తల మళ్లీ ఊగింది.

నాకు దొంగ ఎవరో తెలుసు. ప్రతిరోజూ వాకిలి ఊడ్చే ముందు గంగులమ్మ స్టూలు తెచ్చుకుని, చీర తొలగించి, ఒక పండు కోసి, కొంగుకు తుడుచుకుని, నిలబడే తినేది. తిన్నాక కాసేపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. గురువారానికి నన్ను బోడిగా చేయడానికే తింటోందని నేను అనుకున్నాను. అంతకంటే మంచి ఆలోచన నాకు రాలేదు. నా అంచు వంకర అన్న మనిషి మీద మంచి ఆలోచన ఎలా వస్తుంది?

బుధవారం పొద్దున ఆమె స్టూలెక్కి నా తాళ్ల మీద చెయ్యి వేసింది. రామతులసి పరుగెత్తుకుంటూ వచ్చి కింద రెండు చేతులతో నన్ను పట్టుకుంది.

"అత్తా, రేపు ఒక్క దినం ఉండనీ."

"రేపు అమావాస్య ఉండాదా? ఇడువు."

"దీన్ని తినగూడదని మాకు చెప్పి, నువ్వు తింటా ఉండావు. నిన్న నేను చూసినా. బిడ్డను దొంగని చేసినాము."

గంగులమ్మ చెయ్యి తాళ్ల మీదే ఆగింది. మైథిలి తలుపు పక్కన నిలబడి ఉంది. ముసలామె ఆ పిల్లవైపు ఒకసారి చూసి, స్టూలు దిగి, గడప మీద కూర్చుంది.

"తినినా. ఏడు దినాలు ఏడు తినినా. దీన్ని దించేలోపల ఎవరో ఒకరు ఒక పండు కోసి బిడ్డ నోట్లో పెట్టకుండా పోతారా? అందరి కండ్లు పడిందాన్ని బిడ్డ తినేదానికి ముందు నేను తిని చూస్తే ఏమి?"

"ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలా. కొంచెం పులుపు. ఎరువు జాస్తి ఏసినావు."

రామతులసికి నవ్వు రాబోయి ఆగింది. గంగులమ్మ నవ్వలేదు. పండు మంచిదే కావచ్చు, కట్టింది మాత్రం దిష్టి కొక్కేనికి, అమావాస్య రాత్రి ఇది ఈ చూరు కింద ఉండకూడదు, ఈ మాటలో మార్పు లేదని చెప్పింది. రామతులసి నన్ను వదల్లేదు. పగలగొట్టాలా, గడప దాటితే చాలా అని అడిగింది.

గంగులమ్మ ఆలోచించింది. దాటితే చాలని ఒప్పుకుంది.

"అట్లయితే నేనే ఎత్తుకొని పోతా. రేపు ఆ యమ్మ ఈడికి వచ్చేది ఏంటికి, ఈ దినమే ఆఫీసులో చూపిస్తా."

ఆ మాట విని కూడా గంగులమ్మ అడ్డు చెప్పకపోవడం నాకు అనుమానంగానే అనిపించింది. ఆమె లేచి నిమ్మకాయ, మిరపకాయలు తెంపేసింది. నన్ను దించి, వాకిలి ముందు మూడుసార్లు తిప్పింది. తడి మట్టి బరువుకు ఆమె మోచేతులు ఊగాయి, రెండు పూలు రాలాయి, కాయలు రాలలేదు. పంతొమ్మిది ఉన్నాయి. గంగులమ్మ నన్ను రామతులసి చంకకు ఎత్తి, మైథిలి అందించిన చెప్పులు కోడలి కాళ్ల ముందు పెట్టింది.

"ఎనక్కి తిరిగి చూడబాక. దిష్టి ఎత్తుకొని పోయేవాళ్లు చూడగూడదు."

"బస్సు లేకుంటే?"

"వచ్చేదాకా నిలబడు. ఇంటికి మాత్రం దాన్ని మళ్లా తేబాక."

రామతులసి మెట్లు దిగింది. ఆమె తిరగలేదు కానీ, నేను చంకలో వెనక్కి ఒరిగి ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. గంగులమ్మ తలుపు రెండు రెక్కలూ దగ్గరికి లాగుతోంది. అరచేతి వెడల్పు సందు మిగిలినప్పుడు ఆగింది.

"రామతులసీ, ఊర్లు తిరిగేదానికి ఇంట్లో ఒప్పుకున్నారా అని ఆ యమ్మ అడిగితే, మా అత్త ఒప్పుకుండాదని చెప్పు," అని తలుపు మూసేసింది.