ఒకటి పెడితే సరిపోయింది

గిన్నెలు తోముతున్న ఆవిడ చేతులు సబ్బు నురగలో ఉండగా కాగితం ముక్క ముఖం ముందుకొచ్చింది. "ఇదిగో, తొందరగా చూసి చెప్పు. పిల్లలు కూర్చునున్నారు" అన్నాడు మాస్టారు, అంటే ఆవిడ మొగుడు. ముందు గదిలో ఆయన ట్యూషను, వెనక ఆవిడ వంటిల్లు. ఆయనకు కొరుకుడుపడని లెక్కలు పదమూడేళ్లుగా ఆ మధ్య తలుపు దాటి లోపలికి వస్తూనే ఉన్నాయి, జవాబులై బయటికి పోతూనే ఉన్నాయి.

ఆవేళ పదిగంటలకు ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు ఉద్యోగానికి ఆవిడకు ఇంటర్వ్యూ ఉంది. వెళ్లనా అని అడిగితే "అన్నీ మర్చిపోయుంటావు. నలుగురిలో నవ్వులపాలవుతావు" అన్నాడాయన. "లెక్కలొస్తే గిన్నెలు వాటంతటవే తోముకుంటాయా?" అన్నారు అత్తగారు. అంటూ అంటూ ఉంటే ఎంత మాటైనా ఒంటికి పట్టేస్తుంది. నిజంగానే మర్చిపోయానేమోనని ఆవిడకూ భయం పట్టుకుంది. కట్టుకుందామని తీసిన బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేసింది.

కాగితం మీద ప్రమేయ సమీకరణం: f(x) + 2f(1/x) = 3x. దాని కింద ఆయన రాసిన జవాబు: f(x) = x. x బదులు ఒకటి పెట్టి చూశాడు. ఒకటీ రెండూ మూడు, సరిపోయింది, బోర్డు మీద రాసిపారేశాడు. వెనక వరసలో పిల్ల రెండు పెట్టి చూసిందట. ఎడమవైపు మూడొచ్చింది, కుడివైపు ఆరు.

ఒకటి పెడితే సరిపోక ఏంచేస్తుంది, దాన్ని తిరగేసినా ఒకటే కదా. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. తనకు సరిపోయిన చోట చూసుకుని లోకమంతా సవ్యంగా ఉందంటాడు. ఆవిడ చేతులు తుడుచుకుని పెన్సిలు అందుకుంది. x ఉన్న చోటల్లా 1/x పెట్టింది. f(1/x) + 2f(x) = 3/x. ఇప్పుడు తెలియనివి రెండు, సమీకరణాలూ రెండు. రెండోదాన్ని రెట్టింపు చేసి, అందులోంచి మొదటిదాన్ని తీసేస్తే 3f(x) = 6/x − 3x. అంటే f(x) = 2/x − x, x సున్నా కానంతవరకూ. రెండు పెట్టి చూసుకుంది. మైనస్ ఒకటీ ఏడూ కలిపితే ఆరు. ఏదీ మర్చిపోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో కాదు, ఒళ్లుమంటతో.

ఆయన కాగితం లాక్కుని వెళ్లాడు. "కావాలనే తప్పు రాశాను, ఎవరు కనిపెడతారో చూద్దామని" అన్న మాట తలుపవతల నుంచి వినపడింది. పిల్లలు నవ్వారు.

"మరి లోపలికెందుకెళ్లారు మాస్టారూ?" అంది ఆ వెనక వరస పిల్ల.

"పుస్తకం చూసొచ్చానమ్మా."

ఆవిడ కొళాయి కట్టేసింది. గిన్నెలు నురగలోనే వదిలేసి, బట్టలు మార్చుకుని, సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. "ఎక్కడికే?" అన్నాడాయన, గొంతు తగ్గించి. సాయంత్రం ఈ ఇంట్లో తన గతి ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు. అయినా చెప్పులేసుకుని ఆ పిల్ల వైపు తిరిగింది.

"లోపల పుస్తకమేదీ లేదమ్మా. ఆ లెక్క చేసింది నేను."