డేగల గట్టు ఎక్కినాయన

"మొగడు సినిమా బొమ్మల్ల పడ్డడని ఊరంత సంబురపడ్తాంటె, జానమ్మ మొకం మాత్రం కుడితి గోలెం తీర్గ పెట్టుకున్నది. కట్టుకున్నోని పేరు జూసి ఓర్వలేని ఆడదాన్ని గీ ఊర్లెనే చూస్తున్న" అని బావి కాడ బిక్షమ్మ అన్నదట. ఆ మాటను యాదమ్మ మోసుకొచ్చింది. నీళ్ల బిందె కూడా దించకుండా, మేకల దొడ్డి గోడకు ఆనుకుని నిలబడి, "నేననలే అక్కా. అన్నది అన్నట్టు చెప్తున్న. మల్ల నా పేరు తియ్యకు" అని తన చేతులు తాను దులుపుకుంది.

జానమ్మ చీపురు ఆపలేదు. రాత్రంతా మేకలు వేసిన పెంటికలను ఒక మూలకు ఊడ్చి, తట్టకెత్తి, దొడ్డి వెనుక కుప్పలో పోసి వచ్చింది. యాదమ్మ ఇంకా అక్కడే ఉంది. కనీసం ఒక తిట్టయినా మోసుకుపోదామని ఆమె ఆశ. "ఇయ్యాల పొద్దుగూకంగ సర్కారు సినిమా బండి వస్తాందట గద. వస్తవా, రావా?" అని చివరికి తనే అడిగింది. "వస్త" అంది జానమ్మ. ఒక్క ముక్కే అంది. ఇంకో ముక్క అంటే ఆ వెంట నవ్వు కూడా బయటపడుతుందని భయం. బిక్షమ్మ కుడితి గోలెం అనుకున్నది అసూయ కాదు. చీరకొంగులో బెల్లంగడ్డ దాచుకున్న పిల్ల ఎవరైనా అడుగుతారేమోనని బిగబట్టే ముఖం అది. ఎండాకాలం నుంచీ జానమ్మ అట్లా బిగబట్టుకునే తిరుగుతోంది. ఇవాళ్టితో ఆ పని అయిపోతుంది. తెర మీద తన ముఖం కనబడుతుంది. ఊరు చూడకపోయినా ఫరవాలేదు, బిడ్డ గోపమ్మ చూస్తే చాలు.

కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు దిగితే వాళ్ల ఊరు. ఎండలు ముదిరాయంటే ఏరు సన్నబడి, రెండు వైపులా ఎర్ర రాతి గోడలు మాత్రం ఆకాశం దాకా లేచి నిలబడతాయి. పచ్చనిది అనేది ఉంటే ఆ గోడల సందుల్లోనే ఉంటుంది. దానికి ఆశపడి మేక ఒక చరియ మీది నుంచి ఇంకో చరియ మీదికి దూకుతుంది. దూకిన తరువాత పైకి పోలేదు, కిందికి రాలేదు. గొంతు పోయేదాకా అరిచి, కళ్లు తిరిగి, ఏట్లో రాళ్ల మీద పడుతుంది. అందుకే డేగల గట్టు మీద మేక చిక్కిందంటే ఊరు పెట్టే కేక ఒకటే: "ఐలేశాన్ని పిలువుండ్రి!"

ఐలేశం జానమ్మ మొగడు. పిలవగానే వస్తాడు. తాడు భుజాన వేసుకుని అందరికంటే ముందు నడుస్తాడు. గట్టు కింద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎడమకు, ఎడమకు. అగో గా రాతి పెచ్చు పట్టుకో" అని చెప్తాడు. ఎక్కేది జానమ్మ. పెళ్లికి ముందే ఒకసారి జారి పడ్డాడు ఐలేశం. అప్పటి నుంచి రాయి ఎక్కాలంటే భయం. జానమ్మ పుట్టినింట్లో గట్టుల మీదే పెరిగింది. కాపురానికి వచ్చిన ఏడే ఆ పని ఆమె మీద పడింది, నీళ్లూ పేడా పడ్డట్టే. మేకను మెడ మీద వేసుకుని, మోచేతులు గీరుకుపోయి ఆమె దిగివస్తే, జనం ఐలేశం వీపు తట్టి, "దించినవు పో ఐలేశం" అంటారు. ఊరికి తెలియక కాదు. దున్నేది ఎద్దులైనా పండించింది రైతే అన్నట్టు, అందరికీ తెలిసిన విషయమే. ఒకసారి, ఒకే ఒకసారి, అత్త నర్సింగమ్మతో అంది, "దించింది నేను గద అత్తా" అని. ఆమె పొయ్యి ఊదుతూ తల కూడా తిప్పలేదు. "నువ్వెవలి దానివే? ఆని దానివి. నీ చెయ్యి ఆని చెయ్యి గాదా? మల్ల సపరేటుగ నీకో పేరు గావాల్నా?" ఆ మాటకు జవాబును జానమ్మ ఇప్పటికీ పిండి విసురుతూ వెతుకుతూనే ఉంటుంది.

ఎండాకాలంలో బొంబాయి సారు జీపులో వచ్చాడు. ఆయన మాటను తెలుగు చేయడానికి కొల్లాపూర్ మెహమూద్ వెంట ఉన్నాడు. కృష్ణ లోయ మీద సర్కారు సినిమా తీస్తున్నారట. మనిషి ఒంటరిగా, తాడు లేకుండా, ఏటి ఇసుక నుంచి గట్టు కొస దాకా ఎక్కాలట. పటేల్ ముందు అందరూ ఐలేశం పేరు చెప్పారు. కాదనలేక ఐలేశం తలూపాడు. మూడు నిలువుల ఎత్తు ఎక్కాడు. అక్కడ రాతిని పొదుగులా కరుచుకుని కళ్లు మూసుకున్నాడు. కిందనున్నవాళ్లు పగలబడి నవ్వుతుంటే, జానమ్మ కాసె బిగించి ఎక్కి, అతని మడమ పట్టుకుని, ఒక్కొక్క పాదాన్నీ తన చేత్తో పెచ్చు మీద పెట్టి దించుకొచ్చింది. ఇసుకలో పడగానే అతను అన్న మాట, "నిన్నెవలు రమ్మన్నరే? ఎక్కుతనే ఉంటి గద."

బొంబాయి సారు జానమ్మ వైపు చాలాసేపు చూశాడు. మెహమూద్‌తో ఏదో అన్నాడు. ఆ మాట ఏమిటో ఆ సాయంత్రం ఐలేశమే ఇంట్లో నవ్వుతూ చెప్పాడు: "ఈమెనే తీయుండ్రి సార్ అని మెహమూద్ భాయ్ అన్నడట. సారేమో, ఆడది ఎక్కినట్టు చూపిస్తే గట్టు చిన్నగైతది, ఎవ్వనికి భయం పుట్టదు అన్నడట." అందుకని ఎక్కేది జానమ్మ, కట్టేది ఐలేశం ధోతి, రుమాలు. వీపు ఆమెది తీస్తారు, ముఖం అతనిది తీస్తారు. వేలు వాచి చీము పట్టిన నాడు కూడా "మొగడు బతికుండంగ మట్టెలు తీస్తవా" అని మీదికొచ్చిన నర్సింగమ్మ, ఆ పొద్దు తనే ముందు కూర్చుని, కోడలి కాలివేళ్లకు ఆముదం రాసి మట్టెలు లాగేసింది. "మంచిగ ఎక్కు. ఆని ఇజ్జత్ తియ్యకు" అంది.

ఇసుకలో మూడు కాళ్ల మీద నిలబెట్టిన ఆ నల్ల పెట్టె దగ్గరకు పోయి జానమ్మ మెహమూద్‌ను అడిగింది.

"గిది చూసింది మర్చిపోతదా అన్నా?"

"కెమెరానా? మర్చిపోదమ్మా. మనిషి మరుస్తడు, దేవుడు గుడ ఒకపారి మరుస్తడేమో. ఇది మరువది."

ఆ మాట కోసమే ఎక్కింది అనుకోవచ్చు. గట్టు మీద జానమ్మకు ఎప్పుడూ ఒక సుఖం ఉండేది, అది ఎవరికీ చెప్పలేదు. అక్కడికి ఎవరి పిలుపూ చేరదు. నీళ్లు తేవే, ఎసరు పెట్టవే, పిల్ల ఏడుస్తాంది చూడవే అనే గొంతులన్నీ కిందనే ఆగిపోతాయి. వేళ్లకు రాయి, రాయికి వేళ్లు, అంతే. కానీ ఆ రోజు ఆ సుఖం కూడా లేకుండా పోయింది. సగం ఎక్కాక రుమాలు ఊడి జుట్టంతా వీపు మీద పడింది. కింద సారు గొడ్డును అదిలించినట్టు అరిచాడు. తీసినదంతా పాడైందట, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలట. మళ్లీ దిగింది. నర్సింగమ్మ జుట్టును పీచులా మెలిపెట్టి, కంటి కొసలు పైకి లాగేంత గట్టిగా, బుగ్గలు కూడా కప్పేలా రుమాలు చుట్టింది. రెండోసారి ఎక్కేసరికి రాయి పెనంలా కాలింది. అరచేతుల తోలు అక్కడక్కడా రాతికే అంటుకుని ఉండిపోయింది.

గట్టుకు నడిమిట్ల, పగులులోంచి ఒక తుమ్మచెట్టు ఎడమకు వంగి మొలిచింది. దాని వేరు ఎడమ చేత్తో పట్టుకుని వేలాడితే గాని పై చరియ అందదు. అక్కడ వేలాడుతూ జానమ్మ ఆగింది. ఎందుకు ఆగిందో తరువాత చాలాసార్లు తలుచుకుంది. అలుపు వల్ల కాదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని అనిపించింది. భుజంతో రుమాలు అంచును గదవ కిందికి నెట్టి, తల తిప్పి, ఎక్కడో కింద ఇసుకలో చీమంత కనబడుతున్న పెట్టెకేసి చూసింది. చూసుకో. నేను జానమ్మను. నన్ను మరువనని ఒప్పుకున్నావు. వేరు మీద పట్టు జారబోయేదాకా అట్లాగే చూసింది. కింద నుంచి ఎవరూ అరవలేదు. అంటే ఒప్పుకున్నట్టే అనుకుంది.

కొసకు చేరాక ఆమెను ఒక గుండు వెనుక పడుకోమన్నారు. వెనుకవైపు పశువుల బాటన నడిపించుకొచ్చిన ఐలేశాన్ని అంచు మీద నిలబెట్టి, నుదుటి మీద చెమట అనిపించేలా ముంతతో నీళ్లు చల్లారు. అతను నడుము మీద చెయ్యి పెట్టుకుని ఏటికేసి చూశాడు. గుండు వెనుక బోర్లా పడుకున్న జానమ్మకు అతని మడమలు కనబడ్డాయి. దుమ్మయినా అంటని మడమలు. నవ్వొచ్చింది. ఫికర్ లేదు, పెట్టెకు అంతా తెలుసు.

గోపమ్మ అప్పుడు అమ్మమ్మ ఊళ్లో ఉంది. తిరిగొచ్చిన పిల్లకు జానమ్మ పేలు చూస్తూ, అన్నం కలుపుతూ, చెవిలో చెప్పింది: "తుమ్మచెట్టు కాడ చూడు. అమ్మ మొకం వస్తది. ఎవలకు చెప్పకు." పాలపళ్లు ఊడుతున్న నోటిని చేత్తో మూసుకుని ఆ పిల్ల ఆ మాటను ఇన్నాళ్లూ దాచింది.

పొద్దుగూకాక సర్కారు బండి వచ్చింది. చావడి ముందు రెండు వెదుళ్లు పాతి తెర కట్టారు. తెరకు ముందర మొగోళ్లు, వెనుక ఆడోళ్లు. వెనుక నుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనబడుతుందట. ఆడోళ్లకు అది చాలన్నారు. జానమ్మ గోపమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఒక పక్క నర్సింగమ్మ, ఇంకో పక్క బిక్షమ్మ, వెనుక యాదమ్మ. ముందు వరసలో పటేల్ పక్కన ఐలేశం కూర్చున్నాడని అటువైపు నుంచి వచ్చే పరాచికాలను బట్టి తెలుస్తోంది.

ఏరు కనబడింది. మేకలు కనబడ్డాయి. ధీరుడు, సాహసి అని ఒక గొంతు పెద్ద పెద్ద మాటలు చెప్పింది. ఆ తరువాత ఎర్రరంగు లేని డేగల గట్టు తెరంతా నిండింది. దాని మీద ధోతి కట్టిన ఒక మనిషి వీపు. అటువైపు ఈలలు మొదలయ్యాయి. జానమ్మ తన వీపును తాను ఎన్నడూ చూసుకోలేదు. ఆ రెక్కల ఎముకలు కదలడం, పాదం రాయిని వెతికి, పట్టి, నమ్మి, బరువు వేయడం. ఎంత తొందర లేకుండా ఎక్కుతోంది! ఇంత బాగా ఎక్కుతానా నేను అనుకుంది. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కరైనా చెప్పి ఉంటే ఏం పోయేది? కళ్లలో నీళ్లు వచ్చాయి, బొమ్మ చెదురుతుందని గబుక్కున తుడుచుకుంది.

తుమ్మచెట్టు వచ్చింది. ఎడమకు కాదు, కుడికి వంగి వచ్చింది. "ఇగో, ఇప్పుడే, రెప్ప కొట్టకు" అని బిడ్డ చెయ్యి నొక్కింది. చెయ్యి వేరు మీద పడింది. మనిషి వేలాడింది. తల కొంచెం కదిలింది.

తెరంతా ఐలేశం ముఖం. నుదుటి మీద ముంత నీళ్లు మెరుస్తున్నాయి.

మళ్లీ వీపు కనబడేసరికి ఆ మనిషి తుమ్మచెట్టు దాటి పైన ఉంది.

రెప్ప తనే కొట్టిందేమోనని జానమ్మ అనుకుంది. బొమ్మ వెనక్కి పోతుందేమో, మరిచిపోయినదాన్ని తెచ్చి చూపిస్తుందేమోనని వంగి చూసింది. మనిషి కొసకు చేరింది. ఐలేశం నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది. మెహమూద్ అబద్ధం చెప్పలేదు. పెట్టె మరిచిపోలేదు. అది చూసి దాచినదాన్ని ఆ ఊరు గాని ఊళ్లో ఎవరో తీరిగ్గా కూర్చుని, సొరకాయలో పుచ్చు కోసి పారేసినట్టు, కోసి పారేశారు. అట్లా కోయొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"శెభాష్‌రా ఐలేశం!" అని పటేల్ గొంతు. నర్సింగమ్మ తెరకేసి రెండు చేతులూ చాచి, కణతలకు మెటికలు విరిచి కొడుక్కు దిష్టి తీసింది. బిక్షమ్మ మోచేత్తో పొడిచి, "చూసినవా వదినె నీ మొగన్ని? ఇగనన్న నవ్వరాదు" అంది. ఆ బిక్షమ్మ చూడి మేకను పోయిన ఉగాది ముందే ఆ తుమ్మచెట్టు మీది చరియ నుంచి దించింది జానమ్మ. యాదమ్మ మేకను అంతకుముందు.

ఇన్నాళ్లూ అత్తతో తప్ప ఎవరితోనూ పైకి అనని మాట, ఆడోళ్లందరి నడుమ, గొంతు తగ్గించకుండా అంది. బిక్షమ్మతో కాదు, బిడ్డతో.

"గోపీ, గది మీ నాయిన గాదు. గా ఎక్కింది నేనే బిడ్డా."

నర్సింగమ్మ చేతులు గాలిలోనే ఆగాయి. వెనుక యాదమ్మ దగ్గబోయి ఊరుకుంది. గోపమ్మ ఒళ్లోంచి వెనక్కి తిరిగి తల్లిని పైనుంచి కింది దాకా చూసింది. దాచి దాచి మోసపోయిన కోపం ఆ పిల్లకు.

"మరి నీ మొకం ఏదే?"

తెర అటువైపు ఈలలు ఆగలేదు.